అంతర్జాలంలో రాజకీయ వకాల్తా: తొర్రూరు ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ఒక ప్రాంత ప్రజల కోర్కెను ప్రభుత్వం ముందుంచడానికి అంతర్జాలం, సామాజిక మాధ్యమాలు ఎంతవరకు ఉపకరిస్తున్నాయో తొర్రూరు పరిసర ప్రాంతాన్ని ఆధారంగా చేసుకొని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రత్యేక తెలంగాణ ఉద్యమకాలపు వెబ్‌సైట్లు, 2016 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వచ్చిన ఆన్‌లైన్ అభ్యంతరాలు, తరువాతి వాట్సాప్ గ్రూపులు, 2025 నాటి కంచ గచ్చిబౌలి వివాదం ఇందులో పరిశీలనకు వచ్చాయి. మాట ఎవరిదో తెలిసి, దానికి జవాబు చెప్పవలసినవారెవరో నిర్ణయమై ఉన్నచోట అంతర్జాల వాదన ఫలించిందని, ఆ రెండూ లోపించినచోట అది ప్రచారంగానే మిగిలిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రాజకీయ వకాల్తా, సామాజిక మాధ్యమాలు, తొర్రూరు, జనగామ జిల్లా, తెలంగాణ ఉద్యమం, వాట్సాప్, భావప్రకటన స్వేచ్ఛ.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'వకాల్తా పుచ్చుకోవడం' అనే పలుకుబడి ఉంది. ఒకరి తరఫున మరొకరు మాట్లాడడాన్ని, కొంత ఎత్తిపొడుపుతో, ఇలా అంటారు. న్యాయస్థానంలో ఈ మాటకు కచ్చితమైన అర్థం ఉంది. వకీలు తన కక్షిదారు పక్షాన నిలబడాలంటే వకాల్తానామా దాఖలు చేయాలి, దానిపై కక్షిదారు సంతకం ఉండాలి. సంతకం లేనిదే వకీలు నోరు విప్పడానికి వీలులేదు. రాజకీయ రంగంలో అటువంటి కాగితం లేదు. ఒక ఊరి పక్షాన, ఒక కులం పక్షాన, ఒక ప్రాంతం పక్షాన ఎవరైనా మాట్లాడవచ్చు. పూర్వం ఆ మాట్లాడేవారి ముఖం సభలో కనిపించేది, కరపత్రం అడుగున పేరు ఉండేది. అంతర్జాలం వచ్చిన తరువాత ఈ రెండూ తప్పనిసరి కాకుండా పోయాయి. రాజకీయ ప్రచారానికి, రాజకీయ వకాల్తాకు మధ్యనున్న తేడాను పరిశోధకులు గుర్తించవలసింది ఈ స్థానంలోనే. ప్రచారానికి వినేవారు ఉంటే చాలు. వకాల్తాకు కక్షిదారు కావాలి, కోర్కె కావాలి, ఆ కోర్కెను తీర్చగలిగిన లేదా తిరస్కరించగలిగిన అధికారి ఎదురుగా ఉండాలి.

ఈ పరిశీలనకు తొర్రూరును ఎంచుకోవడానికి కారణం ఉంది. వరంగల్ నుంచి ఖమ్మం వెళ్లే రహదారిపైనున్న ఈ పట్టణం 2016 అక్టోబరు 11 వరకు ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక మండల కేంద్రం. జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మహబూబాబాద్ జిల్లాలో చేరి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. 2018లో పురపాలక సంఘమైంది. 2020 జనవరిలో తొలి పురపాలక ఎన్నికలు చూసింది. శాసనసభకు ఇది పాలకుర్తి నియోజకవర్గంలో భాగం. ఆ నియోజకవర్గంలోని పాలకుర్తి, దేవరుప్పుల, కొడకండ్ల మండలాలు జనగామ జిల్లాలోనూ, తొర్రూరు, పెద్దవంగర మండలాలు మహబూబాబాద్ జిల్లాలోనూ, రాయపర్తి వరంగల్ జిల్లాలోనూ ఉన్నాయి. తొర్రూరు ఓటరు లోక్‌సభకు ఓటు వేసేది మహబూబాబాద్ స్థానానికి కాదు, వరంగల్ స్థానానికి. అంటే కలెక్టరు ఒక పట్టణంలో, పార్లమెంటు సభ్యుని రాజకీయం మరొక పట్టణంలో, శాసనసభ్యుని నియోజకవర్గం మూడు జిల్లాల్లో ఉన్నాయి. కోర్కె ఎవరికి చెప్పుకోవాలన్న ప్రశ్న ఇక్కడ పుస్తకాలలోని ప్రశ్న కాదు.

ఈ నేలకు వకాల్తా కొత్తది కూడా కాదు. దేవరుప్పుల మండలంలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ భూమి కోసం ఆంధ్ర మహాసభ పొలంలోనూ నిలిచింది, న్యాయస్థానంలోనూ నిలిచింది. ఊళ్లో ఆ సంస్థను 'సంఘం' అన్నారు. సంఘంలో చేరినవాడి పేరు దొరకూ తెలుసు, పోలీసుకూ తెలుసు. ఆ తెలియడంలో ప్రాణాపాయం ఉంది, మాటకు బలమూ ఉంది. తరువాతి మాధ్యమాలను అంచనా వేయడానికి ఈ కొలబద్ద ఉపయోగపడుతుంది.

2. తెలంగాణ ఉద్యమం: తెరిచిన పుటలు

తెలుగు సమాజంలో అంతర్జాలాన్ని రాజకీయ వకాల్తాకు దీర్ఘకాలం వాడిన సందర్భం ప్రత్యేక తెలంగాణ ఉద్యమమే. 1990ల చివర అమెరికాలోని తెలంగాణవారు తెలంగాణ డెవలప్‌మెంట్ ఫోరంగా ఏర్పడ్డారు. వారి ఈమెయిలు బృందాలలో, వెబ్‌సైట్లలో సాగిన చర్చ ప్రధానంగా ఆంగ్లంలో ఉండేది. దీనిని భాషాభిమానం కొరతగా చూడడం సరికాదు. అప్పటికి కంప్యూటరుపై తెలుగు రాయడం కష్టం. రోమన్ లిపిలో తెలుగు రాసుకోవడమో, ఖతులు పంచుకోవడమో తప్ప దారి లేదు. యూనికోడ్‌లో తెలుగుకు మొదటినుంచీ చోటున్నా, సామాన్య వినియోగదారు తేలికగా తెలుగు టైపు చేయగలిగింది 2006లో వచ్చిన 'లేఖిని' వంటి ఉపకరణాల తరువాతనే. అదీగాక ఆ చర్చకు లక్ష్యం తొర్రూరు కాదు, ఢిల్లీ. జాతీయ పత్రికల సంపాదకులు, పార్లమెంటు సభ్యులు, విశ్వవిద్యాలయాల ఆచార్యులు దాని పాఠకులు.

ఆ పుటలు చేసిన పనిలో ముఖ్యమైనది నినాదం కాదు, పత్రసంచయం. ముల్కీ నిబంధనలు, 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం, 1985 నాటి 610 జీవో, నదీజలాల పంపకం లెక్కలు గ్రంథాలయాలలో, ఉద్యోగ సంఘాల బీరువాలలో ఉండేవి. వాటిని ఎవరైనా చూడగలిగిన చోట పెట్టడంతో వాదన చేసేవారికి ఆధారం, ఎదుటివారికి ఖండించే అవకాశం ఒకేసారి దక్కాయి. కొణతం దిలీప్ వంటి బ్లాగర్లు ఈ పనిని 2009 తరువాత ఉద్ధృతంగా కొనసాగించారు. సమైక్యవాదం పక్షాన నలమోతు చక్రవర్తి 2009లో ఆంగ్లంలో పుస్తకం ప్రచురించారు. ఆయన, పరకాల ప్రభాకర్ ముందు నిలిచిన విశాలాంధ్ర మహాసభ అంకెలతోనే ప్రతివాదం నడిపింది. ఇరుపక్షాలవారూ సొంత పేర్లతో రాశారు. ఎవరి అంకె తప్పో చూపించుకున్నారు. తెలుగు రాజకీయ చర్చలో ఇంత వివరంగా, ఇంత బహిరంగంగా ఆధారాలపై వాదులాట జరిగిన కాలం మరొకటి లేదనడం అతిశయోక్తి కాదు. ఆ వాదులాటలో తిట్లకూ కొదవలేదన్నది వేరే సంగతి.

అంతర్జాలానికి ఆనాడు అంత ప్రాధాన్యం రావడానికి అప్పటి పత్రికలు, టెలివిజన్ చానళ్లపై ఉద్యమకారులకున్న అనుమానం ఒక కారణం. ఆ అనుమానానికి న్యాయస్థానంలో కొంత ఊతం దొరికింది. 2010 ఫిబ్రవరిలో ఏర్పడిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ అదే సంవత్సరం డిసెంబరు 30న నివేదిక ఇచ్చింది. ఎనిమిదో అధ్యాయానికి సంబంధించిన అంశాలను సీల్డు కవరులో కేంద్ర హోంశాఖకు విడిగా అందజేసింది. నిజామాబాద్ మాజీ పార్లమెంటు సభ్యుడు ఎం. నారాయణరెడ్డి దానిపై హైకోర్టుకు వెళ్లారు. 2011 మార్చి 23న జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఇచ్చిన తీర్పులో ఆ రహస్య భాగంలోని కొన్ని విషయాలు వెలుగులోకి వచ్చాయి. పత్రికలను, చానళ్లను అనుకూలంగా మలచుకోవడానికి ప్రభుత్వ ప్రకటనల వంటి సాధనాలను వాడుకోవచ్చన్న సూచన వాటిలో ఒకటి. ఆ తీర్పు అమలును తరువాత ధర్మాసనం నిలిపివేసింది. అయినా రహస్యం రహస్యంగా మిగలలేదు. తీర్పు పాఠం అంతర్జాలంలో చేతులు మారింది. అదే సంవత్సరం తెలంగాణ వాదానికి సొంత దినపత్రిక, సొంత చానలు కూడా వచ్చాయి.

అయితే ఈ పుటలు ఒంటరిగా రాష్ట్రాన్ని తేలేదు. 2011 మార్చి 10 నాటి మిలియన్ మార్చ్, సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు నడిచిన సకల జనుల సమ్మె, ఊరూరా ధూంధాంలు, రహదారులపై వంటావార్పులు ఆ వకాల్తాకు సంతకాలు. అమెరికాలో కూర్చుని రాసినవారు ఎవరి పక్షాన రాస్తున్నారని అడిగినప్పుడు చూపించడానికి వరంగల్-ఖమ్మం రహదారిపై కూర్చున్న జనం ఉన్నారు. ఉద్యమంలో సామాజిక మాధ్యమాల పాత్రపై రాసేటప్పుడు ఈ క్రమం తలకిందులు కాకుండా చూసుకోవాలి.

3. జనగామ జిల్లా కోర్కె: గడువున్న అర్జీ

రాష్ట్రం వచ్చిన తరువాత ఈ ప్రాంతంలోనే మరొక ప్రయోగం జరిగింది. దానికి పరిశోధకులు ఇవ్వవలసినంత శ్రద్ధ ఇవ్వలేదు. 2016 ఆగస్టు 22న తెలంగాణ ప్రభుత్వం కొత్త జిల్లాల ముసాయిదా నోటిఫికేషన్ వెలువరించింది. అప్పటికున్న 10 జిల్లాలకు మరో 17 చేర్చి 27 చేయాలన్నది ప్రతిపాదన. అందులో మహబూబాబాద్ ఉంది, జయశంకర్ పేరుతో భూపాలపల్లి ఉంది, జనగామ లేదు. అప్పటికే జనగామలో బందులు, దీక్షలు, రాస్తారోకోలు నడిచాయి. పట్టణంలో 144వ సెక్షన్ విధించేవరకు పరిస్థితి వెళ్లింది.

జిల్లాల ఏర్పాటుకు 1974 నాటి చట్టం వర్తిస్తుంది. హద్దులు మార్చేముందు ప్రజల అభ్యంతరాలు, సలహాలు ఆహ్వానించాలని ఆ చట్టం చెబుతుంది. పూర్వం ఇటువంటి అభ్యంతరాలను కలెక్టరేటుకు కాగితంపై రాసి ఇవ్వవలసి వచ్చేది. 2016లో ప్రభుత్వం ఇందుకోసం ప్రత్యేక వెబ్‌సైటు తెరిచి 30 రోజుల గడువు పెట్టింది. ఏ మండలాన్ని ఏ జిల్లాలో ఉంచాలి, ఏ గ్రామం ఏ మండలానికి దగ్గర, రెవెన్యూ డివిజన్ ఎక్కడ పెట్టాలి అనే విషయాలపై భారీ సంఖ్యలో అర్జీలు వచ్చాయి. మీసేవ కేంద్రంలోనో నెట్ సెంటరులోనో కూర్చుని, కుర్రవాడి చేత టైపు చేయించి, ఊరిపెద్దలు పేరు, చిరునామా ఇచ్చి పంపిన అర్జీ ఇది. ట్విటర్‌లో ఒక పదాన్ని పైకి తేవడానికి చేసే పోటీకి, దీనికి పోలిక లేదు.

అక్టోబరు మొదటివారంలో జనగామ, గద్వాల, సిరిసిల్ల, ఆసిఫాబాద్ కోర్కెలను పరిశీలించడానికి కె. కేశవరావు నేతృత్వంలో కమిటీ ఏర్పడింది. దసరానాడు, అక్టోబరు 11న, 31 జిల్లాలతో రాష్ట్ర పటం మారింది. వాటిలో జనగామ ఉంది. ములుగు కోర్కె మాత్రం ఆనాడు తీరలేదు. 2019 ఫిబ్రవరి 17 వరకు ఆగవలసి వచ్చింది.

జనగామ జిల్లాను వెబ్‌సైటు తెచ్చిందని చెప్పడం పొరపాటు. వీధి తెచ్చిందని మాత్రమే చెప్పడం కూడా సగం నిజమే. వీధిలో జరిగినది ఒత్తిడి. ఆ ఒత్తిడికి తలవంచినట్లు కనిపించకుండా ప్రభుత్వం నిర్ణయం మార్చుకోవడానికి ఒక చట్టబద్ధమైన తలుపు కావలసి వచ్చింది. అభ్యంతరాల ప్రక్రియ ఆ తలుపు. ఇక్కడ వకాల్తాకు కావలసినవన్నీ ఉన్నాయి. కోర్కె ఒక్క వాక్యంలో చెప్పగలిగినది, గడువు తెలిసినది, జవాబు చెప్పవలసిన అధికారి నిర్ణయమైనవాడు, అర్జీదారు పేరు దాఖలైనది. ములుగు విషయంలో కూడా ఒత్తిడి ఉంది, అర్జీలూ ఉన్నాయి. రెండింటి ఫలితాలు వేరు కావడానికి రాజకీయ బలాబలాలే కారణం. సాంకేతికత ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించదని చూపడానికి ఈ రెండు పొరుగు ఉదాహరణలు చాలు.

4. మూసిన గ్రూపులు

జిల్లాల ముసాయిదాపై అభ్యంతరాలు వస్తున్న రోజులలోనే, 2016 సెప్టెంబరు 5న, జియో సేవలు మొదలయ్యాయి. చరవాణిలో డేటా ధర పడిపోయింది. కంప్యూటరు చూడని ఇళ్లలోకి అంతర్జాలం నేరుగా ఫోనుగా ప్రవేశించింది. బ్లాగు చదవడం అలవాటు కాకముందే వాట్సాప్ అలవాటైంది. దీనితో రాజకీయ చర్చ తెరిచిన పుట నుంచి మూసిన గ్రూపుకు మారింది.

తొర్రూరు వంటి పట్టణంలో ఒక మనిషి ఒకేసారి ఎన్నో గ్రూపులలో ఉంటాడు. వార్డు గ్రూపు, కులసంఘం గ్రూపు, పదోతరగతి మిత్రుల గ్రూపు, పార్టీ మండల గ్రూపు, విలేకరుల గ్రూపు, రైతుల గ్రూపు. పైన చెప్పిన భౌగోళిక చీలిక వల్ల ఈ గ్రూపులు కూడా చీలి ఉంటాయి. అధికారుల సమాచారం మహబూబాబాద్ జిల్లా పేరుతో వస్తుంది. పార్టీల సమాచారం పాలకుర్తి నియోజకవర్గం పేరుతో వస్తుంది. శ్రీరామసాగర్ రెండో దశ కాలువల చివరి ఆయకట్టుకు నీరందలేదన్న గోడు ఒక గ్రూపులో పుట్టి, మరొక గ్రూపులో పార్టీల తగాదాగా మారి, నీటిపారుదల ఇంజనీరు ఉన్న గ్రూపుకు చేరకుండానే ఆగిపోవడానికి ఈ అమరికలోనే వీలుంది. హైదరాబాదులో ఒక చెట్టు కొట్టివేస్తే ఆ చిత్రం గంటలో దేశమంతా తిరుగుతుంది. కాలువ చివరి పొలం ఎండిన చిత్రం మండలం దాటదు. సామాజిక మాధ్యమాలు దూరాన్ని తుడిచివేశాయన్న మాట ఈ విషయంలో పూర్తిగా నిజం కాదు.

మూసిన గ్రూపులో సంతకం రెండు విధాలుగా పోతుంది. మొదట రాసినవారెవరో తెలియదు. ముందుకు పంపినవారు తాము రాసినవారం కాదంటారు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి తెలుగు రాష్ట్రాలలో వ్యాపించినప్పుడు దీని ప్రమాదం బయటపడింది. కొత్తవారిని, బిచ్చగాళ్లను, మతిస్థిమితం లేనివారిని జనం కొట్టారు. కొన్నిచోట్ల ప్రాణాలు పోయాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి దీనికి ఎంచుకున్న విరుగుడు గమనించదగినది. సుమారు 400 గ్రామాలలో గ్రామానికో కానిస్టేబులును కేటాయించి, డప్పు చాటింపులతో, పాటలతో వదంతిని ఖండింపజేశారు. ఊరి గ్రూపులలో పోలీసులు చేరారు. పేరులేని మాటకు పేరున్న మనిషి ఎదురు వచ్చి జవాబు చెప్పాడు. వాట్సాప్ సంస్థ కూడా అదే సంవత్సరం జూలైలో భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారి ఐదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది.

ఎన్నికల సమయంలో ఈ అజ్ఞాతం డబ్బుతో కలుస్తుంది. 2013 అక్టోబరు 25న కేంద్ర ఎన్నికల సంఘం ఇచ్చిన ఆదేశాలు ఒకరకంగా సంతకాన్ని తిరిగి తెచ్చే ప్రయత్నమే. అభ్యర్థి నామినేషనుతో దాఖలు చేసే ఫారం 26లో తన సామాజిక మాధ్యమ ఖాతాలను ప్రకటించాలి. అంతర్జాల ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ పొందాలి. వాటిపై పెట్టిన ఖర్చును ఎన్నికల ఖర్చులో చూపాలి. ప్రకటించిన ఖాతా వరకు ఇది పనిచేస్తుంది. అభిమాని పేరుతో నడిచే పుట, ఊరు పేరుతో నడిచే వాట్సాప్ గ్రూపు ఈ లెక్కలోకి రావు. ఖర్చు అక్కడికి మళ్లుతుందని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు.

2023 శాసనసభ ఎన్నికలలో పాలకుర్తి ఈ చర్చకు మరొక కోణాన్ని చేర్చింది. అమెరికాలో స్థిరపడిన ఝాన్సీరెడ్డి పోటీకి పౌరసత్వ నిబంధన అడ్డు రావడంతో ఆమె కోడలు, 26 సంవత్సరాల మామిడాల యశస్వినిరెడ్డి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలిచి, అప్పటి మంత్రి ఎర్రబెల్లి దయాకర్‌రావుపై 47 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. ఈ ఫలితాన్ని సామాజిక మాధ్యమాల ఖాతాలో వేయడం తొందరపాటు అవుతుంది. పదేళ్ల పాలనపై వ్యతిరేకత రాష్ట్రమంతా ఉన్న ఎన్నిక అది. ఇందులో గమనించవలసింది హద్దులను. విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు పోటీ చేయలేరు, ఓటు వేయలేరు, అభ్యర్థికి విరాళం ఇవ్వడాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం నిషేధిస్తుంది. మాట్లాడడాన్ని మాత్రం ఏ చట్టమూ ఆపదు. డబ్బుకు, ఓటుకు ఉన్న గోడ మాటకు లేదు. 1990ల చివర మొదలైన ప్రవాస వకాల్తా నేటికీ నిలవడానికి ఇదే ఆధారం. ఆనాటి ప్రవాసి పేరుతో వ్యాసం రాశాడు, నేటి ప్రవాసి సొంతూరి గ్రూపులో వీడియో ముందుకు పంపుతాడు. రెండూ మాటలే. ఒకటి ఖండనకు అందుతుంది.

5. చట్టం గీసిన గీత

మాట ఎక్కడివరకు వకాల్తా, ఎక్కడినుంచి నేరం అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో స్పష్టమైన జవాబు ఇచ్చింది. చర్చ, వాదన, రెచ్చగొట్టడం అని మూడింటిని వేరుచేసింది. మొదటి రెండూ ఎంత అప్రియమైనవైనా రాజ్యాంగం 19వ అధికరణం రక్షణలో ఉంటాయి. మూడోది చేరినప్పుడే ప్రభుత్వం కలగజేసుకోవచ్చు. సమాచార సాంకేతిక చట్టంలోని 66ఏ సెక్షన్ ఈ తేడాను చూడదు కనుక దానిని కొట్టివేసింది. ఆ సెక్షన్ కింద తెలుగునాట జరిగిన అరెస్టులలో ఒకటి 2013 మే నెలలో చీరాలలో నమోదైన కేసులోనిది. శాసనసభ్యునిపై ఫేస్‌బుక్‌లో రాసినందుకు పీయూసీఎల్‌కు చెందిన ఒక న్యాయవాదిని అరెస్టు చేశారు. వకాల్తా వృత్తిగా గలవారికే ఈ స్థితి ఎదురైంది.

సెక్షన్ పోయినా కేసులు పోలేదు. పార్టీలు మారినా అధికారంలో ఉన్నవారికి వ్యంగ్యంపై ఓర్పు పెరగలేదు. ఈ నేపథ్యంలో 2025 సెప్టెంబరు 10న తెలంగాణ హైకోర్టులో జస్టిస్ ఎన్. తుకారాంజీ ఇచ్చిన తీర్పు ముఖ్యమైనది. ఎక్స్ వేదికపై ముఖ్యమంత్రిని విమర్శించిన ఒకరిపై నమోదైన ఎఫ్ఐఆర్‌లను ఆ తీర్పు రద్దు చేసింది. పోలీసులు పాటించవలసిన మార్గదర్శకాలనూ చెప్పింది. పరువునష్టం ఫిర్యాదు చేయగలిగింది నష్టపోయిన వ్యక్తి మాత్రమే, దారినపోయేవారు కాదు. కేసు పెట్టేముందు ప్రాథమిక విచారణ జరపాలి. హింసకో, ద్వేషానికో, శాంతిభద్రతల భంగానికో దారితీసే మాట అని ప్రాథమికంగా తేలాలి. కటువైన రాజకీయ విమర్శపై యాంత్రికంగా కేసు కట్టరాదు. రాజకీయ ప్రసంగానికి సంబంధించిన సున్నితమైన ఫిర్యాదులలో ప్రభుత్వ న్యాయవాది అభిప్రాయం ముందుగా తీసుకోవాలి.

గ్రూపు నడిపేవారి బాధ్యత గురించి కూడా న్యాయస్థానాలు మాట్లాడాయి. సభ్యుడు పెట్టిన సందేశానికి అడ్మిన్‌ను నేరస్తునిగా చేయడం కుదరదని 2021లో బొంబాయి హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. దీనికి మరోవైపు 2021 ఫిబ్రవరి నాటి సమాచార సాంకేతిక నియమాలు, సందేశాన్ని మొదట పుట్టించినవారెవరో గుర్తించగలిగే ఏర్పాటు ఉండాలని పెద్ద సంస్థలను ఆదేశించాయి. అలా చేస్తే గోప్యత నిలవదని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. సంతకం విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది. తానుగా పేరు పెట్టుకోవడం వకాల్తాకు బలం. ప్రభుత్వం బలవంతంగా పేరు వెలికితీయడం అదే వకాల్తాకు గండం. ఐలమ్మ కాలంలో సంఘం సభ్యుల పేర్లు దొర దగ్గరకు చేరడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

6. గచ్చిబౌలి చిత్రాలు

2025 మార్చి చివర హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలిలో సుమారు 400 ఎకరాలను చదును చేయడానికి యంత్రాలు దిగాయి. విద్యార్థులు తీసిన వీడియోలు దేశమంతా వ్యాపించాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తాను విషయాన్ని చేపట్టి చెట్ల నరికివేతను ఆపింది. తెలుగునాట సామాజిక మాధ్యమాల వకాల్తా ఇంత త్వరగా ఫలించిన సందర్భాలు అరుదు. ఇక్కడ కూడా కక్షిదారులు అజ్ఞాతులు కారు. విద్యార్థులు ఎదురుగా నిలబడ్డారు, లాఠీలు తిన్నారు, అరెస్టయ్యారు. అప్పటికే హైకోర్టులో వ్యాజ్యాలు ఉన్నాయి.

అయితే నిజమైన చిత్రాల పక్కనే కృత్రిమ మేధతో చేసిన చిత్రాలు చేరాయి. పారిపోతున్న జింకలు, నెమళ్లు, బుల్డోజర్లు ఒకే చట్రంలో అందంగా అమరిన బొమ్మలవి. వాటిని చేసినవారిలో కొందరు సానుభూతితోనే చేసి ఉండవచ్చు. ప్రభుత్వానికి మాత్రం అవి అంది వచ్చాయి. వివాదమంతా నకిలీ చిత్రాల సృష్టి అన్న వాదన మొదలైంది. అటువంటి ఒక చిత్రాన్ని తిరిగి పంచుకున్నందుకు ఒక సీనియర్ ఐఏఎస్ అధికారికి పోలీసు నోటీసు వెళ్లింది. నిజంగా నేలకూలిన చెట్లను గురించి అడగవలసిన చోట, బొమ్మలోని జింక నిజమైనదా కాదా అన్నది ప్రశ్న అయింది. న్యాయస్థానంలో ఒక్క దొంగసాక్ష్యం మొత్తం కేసును పలుచన చేసినట్లే ఇదీ జరిగింది. సుప్రీంకోర్టు ఉపగ్రహ చిత్రాల వంటి ఆధారాలను, అధికారుల పరిశీలనను కోరగలిగింది కనుక అక్కడ నష్టం పెద్దది కాలేదు. తొర్రూరులోనో పెద్దవంగరలోనో చెరువు శిఖం ఆక్రమణపై ఒక కుర్రవాడు ఫొటో పెడితే, దానిని నకిలీ అని కొట్టిపారేసినప్పుడు నిజం తేల్చడానికి సుప్రీంకోర్టు రాదు. ఫొటో తీసిన తేదీ, స్థలం, సర్వే నంబరు అతడే చెప్పగలగాలి.

7. రసీదు, నీలి గుర్తులు

ఈ అంశంపై పరిశోధన చేయదలచినవారికి ఆకరాల సమస్య తీవ్రంగా ఉంటుంది. తెలంగాణ ఉద్యమకాలపు బ్లాగులలో, వెబ్‌సైట్లలో కొన్ని నేడు తెరుచుకోవు. చిరునామా రుసుము చెల్లించేవారు లేక మూతపడినవి వాటిలో ఉన్నాయి. అంతర్జాల పురాలేఖనాలయాలలో దొరికిన ప్రతులకు చిత్రాలు ఉండవు, వ్యాఖ్యలు ఉండవు. 1940ల నాటి కరపత్రం ఏదో ఒక పాత ట్రంకుపెట్టెలో దొరికే అవకాశం ఇంకా ఉంది. 2011 నాటి బ్లాగుకు అదీ లేదు. వాట్సాప్ గ్రూపుల సంగతి చెప్పనక్కరలేదు. ఫోను మారితే చరిత్ర పోతుంది. 2020 నవంబరు నుంచి ఏడు రోజులకు సందేశం దానంతట అదే మాయమయ్యే ఏర్పాటు కూడా వచ్చింది.

దీనికి భిన్నంగా, సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వడానికి తొర్రూరు నుంచి మహబూబాబాద్ కలెక్టరేటుకు బస్సెక్కి వెళ్లిన మనిషి చేతికి రసీదు వస్తుంది. దానిపై అంకె ఉంటుంది, తేదీ ఉంటుంది, ఏ శాఖకు పంపారో ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద ఆ అర్జీ ఏమైందో అతడు అడగవచ్చు, పదేళ్ల తరువాత పరిశోధకుడూ అడగవచ్చు. అదే గోడును అదే ఉదయం ఊరి గ్రూపులో పెట్టినవారికి వందలమంది చూసినట్లు రెండు నీలి గుర్తులు కనిపిస్తాయి. ఆ వందలమందిలో జవాబు చెప్పవలసిన అధికారి ఉన్నాడో లేడో ఆ గుర్తులు చెప్పవు. కొందరు గ్రామ యువకులు ఈ రెండింటినీ జతచేస్తున్నారు. ముందు అర్జీ ఇచ్చి, రసీదును ఫొటో తీసి గ్రూపులో పెడుతున్నారు. అర్జీ సంఖ్య ఆ గ్రూపులోని అందరికీ తెలుస్తుంది, తరువాతి సోమవారం దాని సంగతి అడగడానికి వెళ్లేవారు ఒక్కరే కానవసరం ఉండదు.